నీళ్లు ఎక్కువగా తాగితే కిడ్నీలు మందుని త్వరగా బయటికి పంపేస్తాయా?

పంపవండీ. మూత్రం పలచబడుతుంది, అంతే. చాలా మందులకు లెక్క కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకట్టాయన్నదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో రోజుకి సుమారు 180 లీటర్లు వడకడతాయి. అందులో మూత్రంగా వచ్చేది లీటరున్నర, మహా అయితే రెండు. మిగతాదంతా వెనక్కి లాగేసుకుంటాయి. కొవ్వులో కరిగే మందులు ఆ దారినే మళ్లీ రక్తంలోకి జారుకుంటాయి. అందుకే లివరు ముందుగా వాటిని నీళ్లలో కరిగేలా మార్చి పంపుతుంది. ఆస్పిరిన్ మోతాదు బాగా మించినప్పుడు ఆసుపత్రిలో సోడియం బైకార్బొనేట్ ఎక్కించేది కూడా ఇందుకే. మూత్రం క్షారంగా మారితే మందు వెనక్కి పోలేదు.

కొన్ని మందుల్ని కిడ్నీ వడపోతతో సరిపెట్టకుండా తనే రక్తంలోంచి లాగి మూత్రంలోకి తోసేస్తుంది. పెన్సిలిన్ అలాంటిదే. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పోలీసాయనకి అది ఇస్తూ ఉంటే మందు చాల్లేదు. ఆయన మూత్రంలోంచే దాన్ని తీసి మళ్లీ ఆయనకే ఎక్కించారు.

సరే, నాకు అసలు మంట ఎక్కడంటే, రక్తపరీక్ష రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం) 'నార్మల్' అని కనబడగానే అందరూ నిశ్చింతగా ఉండిపోవడం దగ్గర. మా అమ్మకి 78 ఏళ్లప్పుడు సర్పి తగ్గాక నరాల మంట మిగిలిపోయింది. ప్రీగాబాలిన్ రాశారు. మంట తగ్గింది కానీ మనిషి మారిపోయింది. మాట మధ్యలో కళ్లు మూతలు పడేవి. చేయి ఉన్నట్టుండి ఎగిరిపడేది, పట్టుకున్న గ్లాసులో నీళ్లన్నీ చీర మీదే. వయసు కదా అన్నారు కొందరు. మతిమరుపు జబ్బు మొదలైందని ఒకాయన తేల్చేశారు కూడా. వచ్చి పలకరించేవాళ్లకి రోగ నిర్ధారణ ఎంత తేలికో!

తర్వాత చూసిన డాక్టరు గారు అడిగిన మొదటి మాట "బరువెంత?" అని. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. 45 కిలోలు, క్రియాటినిన్ 1.0. రిపోర్టు వెనక్కి తిప్పి పెన్నుతో లెక్క వేశారు: 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించి, ఆడవాళ్లు కాబట్టి 0.85తో గుణించారు. వచ్చింది 33, అంటే కిడ్నీల వడపోత నిమిషానికి సుమారు 33 మిల్లీలీటర్లు. వయసులో ఉన్నవాళ్లకి వంద పైచిలుకు ఉంటుంది. క్రియాటినిన్ తయారయ్యేది కండలోంచి. కండే కరిగిపోయిన మనిషిలో అది తక్కువే తయారవుతుంది, అందుకే కిడ్నీ నీరసించినా అంకె బాగానే కనిపిస్తుంది. ప్రీగాబాలిన్‌ని లివరు దాదాపు ముట్టుకోదు, మొత్తం కిడ్నీయే పంపాలి. వేసిన మాత్ర పూర్తిగా పోకముందే ఇంకోటి పడుతోందన్నమాట.

డోసు సగం చేశారు. కొద్ది రోజులకే అమ్మ "నా కళ్లజోడు ఇక్కణ్నుంచి ఎవరు తీశారు?" అని గట్టిగా అడిగింది. ఇంట్లో అందరం నవ్వేశాం.

నన్నడిగితే పెద్దవాళ్లలో మనం ముసలితనం అనుకునే మగతలో సగం ఒంట్లో మిగిలిపోయిన మందే. ల్యాబ్‌వాళ్లు క్రియాటినిన్ పక్కనే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే అంచనా) కూడా వేస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? కిడ్నీల్ని శుభ్రం చేస్తామంటూ డిటాక్స్ పానీయాలు అమ్మేవాళ్ల సంగతి ఇక ఎత్తను, బీపీ పెరుగుతుంది.

నీళ్ల విషయానికొస్తే, ఎక్కువ తాగితే లాభం లేదు గానీ మరీ తక్కువైతే మాత్రం ప్రమాదమే. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోతే కిడ్నీకి రక్తం తగ్గి మందు నిలిచిపోతుంది. మానసిక సమస్యలకి లిథియం అనే మందు వాడేవాళ్లు ముఖ్యంగా జాగ్రత్త. దాని మీద నొప్పికని ఐబుప్రొఫెన్ కూడా వేసుకుంటే లిథియం ఇంకా పెరుగుతుంది. అలాంటప్పుడు మీ అంతట మీరు మందు మార్చకుండా, ఆపకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి.