గుల్మార్గ్ మంచులో రంగులు ఎక్కడ దొరుకుతాయి? అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి నా అనుభవం

మీరు అడిగింది ఇది: "బెంగళూరు నుంచి ఫిబ్రవరిలో అమ్మానాన్నలని తీసుకుని గుల్మార్గ్ వెళ్తున్నాం. పోయినసారి మనాలీలో తీసిన మంచు ఫొటోలన్నీ బూడిదరంగులో చప్పగా వచ్చాయి. రంగులు కనపడేలా, చూసినప్పుడల్లా ట్రిప్ గుర్తొచ్చేలా ఎలా తీయాలి?"

ముందు ఆ బూడిదరంగు సంగతి తేల్చేద్దాం. అది పోతే సగం పని అయిపోయినట్టే. కెమెరాకి తన ముందున్నది మంచో బొగ్గో తెలియదు. ఏది చూపించినా తెలుపుకీ నలుపుకీ మధ్యలో ఉండే ఒక బూడిదరంగు స్థాయికి తెచ్చి పెట్టడమే దాని పని. కొత్తగా పడ్డ మంచు తన మీద పడే వెలుగులో 80-90 శాతం వెనక్కి కొడుతుంది. "అమ్మో, ఇంత వెలుగా" అని కెమెరా తగ్గించేస్తుంది. దాంతో మంచు మురికిగా, మనుషుల ముఖాలు మరీ నల్లగా వస్తాయి. కాబట్టి మీరే వెలుగు పెంచాలి. కెమెరాలో ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని +1 నుంచి +2 మధ్యలో పెట్టుకోండి. ఫోన్ అయితే మంచు మీద వేలితో తట్టి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కొంచెం పైకి జరపండి. అంతే.

దీన్ని ప్రాక్టీస్ చేయడానికి కాశ్మీర్ దాకా వెళ్ళక్కర్లేదు. రేపు పొద్దున ఇంట్లో తెల్ల పళ్ళెంలో రెండు ఇడ్లీలు పెట్టి, స్క్రీన్ నిండా అవే ఉండేలా కిటికీ దగ్గర ఒక ఫొటో తీయండి. ఇడ్లీ నిన్నటిదిలా కనపడుతుంది. తర్వాత వెలుగు కొంచెం కొంచెం పెంచుతూ తీయండి. ఒకచోట ఇడ్లీ తెల్లగా వచ్చి, పైన చిన్న చిన్న గుంతలు కూడా కనపడతాయి. ఇంకా పెంచితే గుంతలు మాయమై ఉత్త తెల్ల మచ్చ మిగులుతుంది. ఆ ముందుదే మీకు కావలసిన స్థాయి. మంచు మీద గాలి గీసిన గీతలు, పక్షుల అడుగులు కనపడాలంటే అక్కడే ఆగాలి. ఇప్పుడు అదే పళ్ళెంలో ఒక చెంచా కారప్పొడి వేసి, కాస్త నెయ్యి పోసి మళ్ళీ తీయండి. కన్ను ఎటు పోతుందో మీరే చూస్తారు. మంచులో ఫ్రేము కట్టడం గురించి నేను చెప్పబోయేదంతా ఆ పళ్ళెంలో ఉంది, తినే ముందు బాగా చూసుకోండి.

ఇక రంగులు. మంచుగడ్డ నిజానికి పారదర్శకం. మంచు పొడిలో లక్షల స్ఫటికాలు అన్ని రంగుల వెలుగునీ అటూ ఇటూ చెదరగొడతాయి కాబట్టి మనకి తెల్లగా కనపడుతుంది. అంటే దాని మీద ఏ రంగు వెలుగు పడితే అదే దాని రంగు. పొద్దున ఏటవాలు ఎండలో లేత నారింజ. సూర్యుడు రాకముందు ఎత్తైన శిఖరాల మీద గులాబీ. నీడలో నీలం. నీడ నీలంగా ఎందుకు ఉంటుందంటే, అక్కడ నేరుగా ఎండ పడదు, నీలాకాశం నుంచి వచ్చే వెలుగే పడుతుంది. చాలామంది ఆ నీలాన్ని తప్పు అనుకుని ఎడిటింగ్‌లో తీసేస్తారు. దయచేసి తీయకండి. మంచు చల్లగా ఉందని ఫొటో చూసేవాళ్ళకి చెప్పేది ఆ నీలమే, పక్కనున్న ఎండ వెచ్చగా కనపడేది కూడా దాని వల్లే. రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ సెట్టింగ్‌ని ఆటోలో వదిలేస్తే కెమెరా తనంతట తానే ఆ తేడాని చెరిపేయొచ్చు. డేలైట్‌లో, అంటే 5500 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే లెక్క, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎర్రబడుతుంది) దగ్గర్లో పెట్టి అలాగే ఉంచండి. శాచురేషన్, అంటే రంగుల గాఢత, పెంచితే రంగులొస్తాయనుకోవడం మాత్రం వృథా. లేని రంగు రాదు, ఉన్న రంగు పెళ్ళి వీడియోలా తయారవుతుంది.

ఫిబ్రవరిలో అక్కడ సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలో, కాబట్టి మరీ చీకట్లో లేవాల్సిన పనిలేదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు పైకి వచ్చినప్పుడు నీడలు పొట్టిగా ఉంటాయి, మంచు కాస్త బల్లపరుపుగా కనపడుతుంది. ఆ టైములో భోంచేయండి, పెద్దవాళ్ళని పడుకోనివ్వండి.

మంచు పడుతున్నప్పుడు మాత్రం ఏ టైమైనా బయటికి రండి. కానీ ఆకాశం వైపు గురిపెడితే పడే మంచు కనపడదు, తెలుపు మీద తెలుపు ఏం కనపడుతుంది? పైన్, ఫర్ చెట్ల ముదురాకుపచ్చో, చెక్క ఇంటి గోడో వెనకుండాలి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో విల్సన్ బెంట్లీ అనే రైతు ఉండేవాడు. 1885 జనవరిలో మైక్రోస్కోప్‌కి కెమెరా బిగించి మొదటిసారి ఒక మంచు స్ఫటికాన్ని ఫొటో తీశాడు. 1931లో చనిపోయేలోపు 5,000కి పైగా తీశాడు. స్ఫటికం స్పష్టంగా కనపడటానికి ఆయన నెగెటివ్ మీద స్ఫటికం అంచు వెంబడి పూతని ఓపిగ్గా గీకేసేవాడు, ప్రింటులో వెనకంతా నల్లగా రావడానికి. అంత కష్టం మనకెందుకు, రెండడుగులు పక్కకి జరిగి చెట్టుని వెనక్కి తెచ్చుకుంటే చాలు. షట్టర్ స్పీడు, అంటే కెమెరా కన్ను తెరుచుకుని ఉండే సమయం, సెకనులో 1/250 వంతు ఉంటే మంచు రేకులు గాల్లో ఆగినట్టు వస్తాయి, 1/60 వంతు కన్నా ఎక్కువసేపు తెరుచుకుంటే గీతల్లా వస్తాయి. ఫ్లాష్ ఆపేయండి. వేస్తే లెన్సు ముందున్న రేకులు పెద్ద తెల్ల మచ్చలై అమ్మ ముఖం మీద కూర్చుంటాయి.

బట్టల గురించి కొంచెం మొండిగా చెప్తాను. సూట్‌కేసు సర్దేటప్పుడే సగం ఫొటో తయారవుతుంది. బెంగళూరులో స్వెట్టర్లు కొనేటప్పుడు మనవాళ్ళందరికీ నలుపు, నేవీ బ్లూ, యాష్ తప్ప చేతికి రావు, "మాసినా కనపడదు" అని. మంచులో నల్లకోటు వేసుకున్న మనిషి దూరానికి కరెంటు స్తంభమే. పసుపు, ముదురెరుపు, నెమలికంఠం, వంకాయ రంగు, వీటిలో ఏదైనా ఒక్క శాలువా, ఒక్క టోపీ చాలు. నీలం నీడల పక్కన పసుపు ఎంత బాగా వెలుగుతుందో చెప్పలేను. అందరూ ఒకే రంగు వేసుకునే ఫ్యామిలీ ఫొటో ఫ్యాషన్ మాత్రం వద్దు. ఇక షిఫాన్ చీరలో మంచులో డ్యూయెట్ సంగతి సినిమావాళ్ళకి వదిలేయండి, వాళ్ళకి షాటు అవ్వగానే దుప్పటి కప్పేవాళ్ళుంటారు. మా అమ్మ తన మామూలు నేత చీర మీదే స్వెట్టరు, పైన అద్దె ఓవర్‌కోటు, కాళ్ళకి గమ్‌బూట్లు వేసుకుంది. కోటు కింద నుంచి నాలుగు వేళ్ళ వెడల్పున గచ్చకాయ రంగు అంచు బయటికి కనపడింది. ఆ అంచు, బూట్లు, చుట్టూ మంచు, అంతవరకే ఒక ఫొటో తీశాను. మా ఇంట్లో అందరికీ నచ్చింది అదే. ముఖం లేకపోయినా అది ఎవరో మాకు తెలుసు కదా.

గుల్మార్గ్‌లో రంగు కోసం అందరూ వెళ్ళే చోటు ఒకటుండేది. తెల్లటి గుట్ట మీద ఎర్ర పైకప్పుతో, ఎటునుంచి చూసినా కనపడే రాణి గుడి, శివాలయం. 2024 జూన్‌లో మంటల్లో కాలిపోయింది. అది కాలకముందు నేను వెళ్ళినప్పుడు ఆ గుడి ముందు జనం ఎక్కువున్నారని నాన్న విసుక్కున్నారు. జనం ఖాళీ అయ్యేదాకా ఆగకుండా వాళ్ళతో సహా తీసేశాను, పిల్లల టోపీలు, గుర్రాల మీది జీన్లు, అన్నీ అందులో ఉన్నాయి. కాబట్టి మనుషులు లేని క్లీన్ ఫ్రేము కోసం అరగంట నిలబడొద్దు. ఖాళీ కొండల ఫొటోలు ఇంటర్నెట్‌లో మీకన్నా బాగా తీసినవాళ్ళవి కావలసినన్ని దొరుకుతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన టైము గురించి. సూర్యుడు దిగిపోయిన తర్వాత ఒక ఇరవై నిమిషాలు. ఫిబ్రవరిలో ఆరు దాటాక. టూరిస్టులంతా చేతులు రుద్దుకుంటూ రూములకి పోతుంటారు, మీరు అప్పుడు బయటికి రండి. మంచంతా ముదురు నీలంలోకి దిగిపోతుంది, హోటళ్ళ కిటికీల్లో పసుపు బల్బులు వెలుగుతాయి. ఆ బల్బుల వెలుగు 3000 కెల్విన్ దగ్గర్లో ఉంటుంది. డేలైట్ సెట్టింగ్‌లో ఉన్న కెమెరాకి అది నిప్పుల రంగు. గడప ముందు మంచు మీద ఆ వెలుగు చాపలా పరుచుకుంటుంది. అమ్మనో నాన్ననో ఆ గుమ్మంలో నిలబెట్టి, మీరు బయట చీకట్లోంచి తీయండి. ఒకవైపు చెంప నారింజ, భుజం మీద నీలం. మంచులో ఇంతకన్నా రంగున్న ఫొటో నాకు తెలియదు. కెమెరాని గోడ మీదో కారు మీదో ఆనించండి, ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుగుని పట్టే శక్తి, 1600 దాకా పెంచినా పర్వాలేదు. ఫోన్లో నైట్ మోడ్ అయితే ఒక్కోసారి చీకటిని పగలు చేసేస్తుంది, అప్పుడు వెలుగు తగ్గించండి, పొద్దున పెంచినదానికి సరిగ్గా తిరగేసి. ఆ ఇరవై నిమిషాలూ దాటితే ఆకాశం నల్లబడిపోతుంది, నీలం ఉండదు.

జ్ఞాపకాలన్నారు కదా. అవి బయట మంచులో కన్నా లోపల పొయ్యి దగ్గరే ఎక్కువ దొరుకుతాయి. కాశ్మీరులో డిసెంబరు 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్ అనే గట్టి చలికాలం, తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్. మీరు వెళ్ళేది ఆ రెండోదాంట్లో కావచ్చు. అప్పుడు అక్కడివాళ్ళు ఫెరన్ అనే పొడవాటి వదులు అంగీ లోపల కాంగ్డీ పెట్టుకుని తిరుగుతారు, వెదురులాంటి పుల్లలతో అల్లిన బుట్టలో మట్టి పిడత, అందులో నిప్పులు. మేం దిగినచోట ఇంటాయన ఒకటి తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాడు. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది కుంపటే కదరా, మా అమ్మమ్మ బాలింతల మంచం కింద పెట్టేది" అంటూ మొదలుపెట్టి, నేను పుట్టినప్పటి సంగతులన్నీ చెప్పుకొచ్చింది. ఇంటాయనకి తెలుగు రాదు, అయినా తలూపుతూ విన్నాడు. నేను లైటు వేయలేదు. నిప్పుల వెలుగు కింద నుంచి ఆమె గాజుల మీద, గడ్డం మీద పడుతుంటే రెండు ఫొటోలు తీసి కెమెరా పక్కన పెట్టి కూర్చున్నాను. ఇలాంటప్పుడు రెండు చాలు, ఇంకా తీస్తే మాట ఆగిపోతుంది. ఒక్క జాగ్రత్త: తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవద్దు, దాన్నుంచి వచ్చే, కంటికి కనపడని కార్బన్ మోనాక్సైడ్ వాయువు ప్రాణం తీస్తుంది.

నూన్ చాయ్ తప్పకుండా తాగించండి. గ్రీన్ టీ ఆకుని చిటికెడు సోడా వేసి చాలాసేపు మరిగించి పాలు పోస్తే గులాబీరంగులోకి వస్తుంది, అందులో చక్కెర బదులు ఉప్పు. కిటికీ గట్టు మీద ఆ కప్పు, వెనక మంచు పెట్టి తీస్తే మంచి ఫొటో వస్తుంది. కానీ అసలు ఫొటో అది కాదు. మొదటి గుక్క తాగినప్పుడు మా నాన్న ముఖం! "టీలో ఉప్పేందిరా?" అనేలోపు క్లిక్‌మనిపించాలి. మీ నాన్నగారికి ముందే చెప్పేయకండి.

ముఖాల గురించి ఒక మాట. నేల మీది మంచు కింద నుంచి వెలుగు కొడుతుంది కాబట్టి కళ్ళ కింద నీడలు ఉండవు, ముఖాలు సహజంగానే బాగా వస్తాయి. ఫోన్లో బ్యూటీ మోడ్ ఆపేయండి. మంచు తెల్లగా రావాలి గానీ మనుషులు కాదు.

మిగతావి గబగబా చెప్తాను. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, స్పేర్‌ది లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. బయటి నుంచి వెచ్చటి గదిలోకి వచ్చేముందే కెమెరాని జిప్‌లాక్ కవర్లో వేసి మూసేయండి, లేకపోతే లెన్సు నిండా చెమ్మ పడుతుంది, గది వేడికి అలవాటు పడ్డాకే తెరవండి. గండోలా, అంటే అక్కడి కేబుల్ కారు, రెండో దశ దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. బీపీ, ఆయాసం ఉన్నవాళ్ళయితే మొదటి దశలోనే దిగిపోవడం మంచిది, అక్కడా మంచుకి కొదవుండదు. కొత్త కెమెరా కొనొద్దు, బెంగళూరులో కెమెరాలు, లెన్సులు రోజు లెక్కన అద్దెకిస్తారు. ఉన్న ఫోన్‌తో తీసినా నేను చెప్పినవి చాలావరకు పనిచేస్తాయి.

మంచు పడుతుందన్న గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. 2024 జనవరిలో గుల్మార్గ్ మైదానాలు ఎండుగడ్డితో గోధుమరంగులో కనిపించాయి, మంచు నెలాఖరుకి గానీ రాలేదు. టికెట్లు బుక్ చేసేటప్పుడు తేదీలు మార్చుకునే వీలుందేమో చూసుకోండి.

వచ్చాక ఫోన్లోనే వదిలేయకుండా ఒక పది ప్రింట్లు వేయించండి, మెరుపు కాగితం కన్నా మ్యాట్ మీద మంచు బాగుంటుంది. స్టూడియోలో ఇచ్చేటప్పుడు "ఆటో కరెక్షన్ వద్దు, ఉన్నది ఉన్నట్టు వేయండి" అని గట్టిగా చెప్పండి. చెప్పకపోతే మీరు కష్టపడి కాపాడుకున్న నీలాన్నీ, కిటికీ నారింజనీ మిషను ఒక్క నొక్కుతో సమం చేసి ఇచ్చేస్తుంది.