నలుగురు కలిసి రాసే రోల్‌ప్లేకి ప్లాటు ముందే వేసుకోవాలా, రాస్తూ పోతే చాలా?

రోల్‌ప్లే అంటే తలా ఒక పాత్ర తీసుకుని, వంతులవారీగా రాస్తూ కథ నడపడం. ఇద్దరు ఒకే సమయంలో ఆన్‌లైన్‌లో కూర్చుని రాస్తుంటే ప్లానేమీ అక్కర్లేదు. మీరన్నట్టు నలుగురు, ఎవరికి తీరినప్పుడు వాళ్లు పోస్టు పెట్టే పద్ధతైతే మాత్రం కొంత ప్లాను ఉండాల్సిందే. దీన్ని అందరూ అభిరుచికి సంబంధించిన గొడవలా మాట్లాడతారు. నన్నడిగితే తేల్చేది వేగమే. 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో పుట్టిన మడ్ (చాలామంది ఒకేసారి చేరి, అంతా టైపు చేస్తూ ఆడే ఆట) లాంటి టెక్స్ట్ ఆటల్లో జవాబు అప్పటికప్పుడే వచ్చేది. దారి తప్పినా పావుగంటలో సర్దుకోవచ్చు. ఆ అలవాటునే పోస్టుల్లోకి తెస్తే ఏమవుతుందో చూడండి.

నాలుగు పాత్రలు పాడుబడ్డ కోట తలుపు ముందుకొచ్చాయి. మొదటి పోస్టులో ఒకామె తలుపు వైపు అనుమానంగా చూసింది. రెండోదాంట్లో చల్లగాలి వీచింది, ఒకడి చెయ్యి కత్తి పిడి మీదికెళ్లింది. మూడోది మూడు పేరాల చిన్ననాటి జ్ఞాపకం. నాలుగోవాడు "ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు. మనిషికి 48 గంటల గడువైతే ఈ ఒక్క రౌండుకే 8 రోజులు. ఇలాంటివి మూడు తిరిగేసరికి 24 రోజులు, తలుపు మూసింది మూసినట్టే ఉంది. రాసేవాళ్లకి చేతకాక కాదు, మొహమాటం. తను తెరిస్తే కథంతా తనవైపు లాక్కున్నట్టు అవుతుందని ఎవరికి వాళ్లే ఆగిపోతారు.

అందుకే సీను మొదలవక ముందే ఓఓసీ చానెల్లో, అంటే రాసేవాళ్లు పాత్రల్లోంచి బయటికొచ్చి మామూలుగా మాట్లాడుకునే చోట, మూడు సంగతులు తేల్చుకోండి: ఎక్కడ మొదలవుతుంది, ఎవరికి ఏం కావాలి, ఏది జరిగితే సీను ముగిసినట్టు. తలుపు ఎవరు తెరుస్తారో కూడా అక్కడే. ఆ కావాల్సినవి ఒకదానికొకటి అడ్డుపడేలా ఉండాలి. ఒకడికి లోపలున్న నిధి కావాలి, ఇంకొకామెకి ఆ తలుపు ఎప్పటికీ తెరుచుకోకూడదు. గెలుపెవరిదో మాత్రం అనుకోకండి. అదీ ముందే తెలిస్తే మిగిలేది డిక్టేషన్ రాసుకోవడమే, రెండో వారానికి పోస్టులు పల్చబడతాయి.

పెద్ద ప్లాట్లు కూలేది ఎక్కువగా మనుషులు మాయమవడం వల్ల. కథ తాళంచెవి ఒక్క పాత్ర దగ్గరే పెట్టారా, ఆ రాసేవాళ్లకి పరీక్షలొచ్చిన రోజున అంతా ఆగుతుంది. ముఖ్యమైన రహస్యం కనీసం ఇద్దరికి తెలియాలి. గడువు దాటితే వాళ్ల వంతు దాటేయండి. ఆ పాత్రని వెంట నడిపించవచ్చు, దాని నోట మాట పెట్టకూడదు, దాని తరఫున నిర్ణయం తీసుకోకూడదు.

ఇక పోస్టు సంగతి. వెనక్కి తీసుకోలేని పని ఒకటి, పక్కవాళ్లు పట్టుకోవడానికి కొస ఒకటి, ఈ రెండూ లేని పోస్టు ఎంత అందంగా ఉన్నా బరువే. కొట్లాటలో ప్రయత్నం వరకే మీది. "భుజం మీదికి కత్తి ఎత్తాడు" అనొచ్చు, "భుజం తెగిపడింది" అంటే గాడ్‌మోడింగ్, ఎదుటివాళ్ల పాత్రకి ఏం జరిగిందో కూడా మీరే తేల్చేయడం. ప్రతి దెబ్బా తప్పించుకునే పాత్రదీ అదే తప్పు, కానీ దాన్నెవరూ తిట్టరెందుకో! ఎదుటివాళ్ల ఆరు డైలాగులకీ ఒకే పోస్టులో ఆరు జవాబులిచ్చే అలవాటు ఇంకోటి. రెండు రౌండ్లు తిరిగాక ఏ మాట దేనికి బదులో రాసినవాళ్లకే అంతుపట్టదు. ఒకటి రెండిటికి బదులిచ్చి, 200 మాటల్లో ఆపితే చాలు.

పది పేజీల పాత్ర పరిచయాలు కూడా మానేయండి. చచ్చిపోయిన తల్లిదండ్రులు, దాచిన రాజవంశం, ఎవరూ చదవరు. ఒక కోరిక, ఒక భయం, ఆ పాత్ర అందరికీ చెప్పే ఒక అబద్ధం రాసి పెట్టండి, మిగతాది సీన్లలోనే పుడుతుంది.

ఇంతా చేసి, తెరుస్తానన్న మనిషి కూడా చూస్తూ నిలబడితే, రెండో రౌండు చివర్లో జీఎం (ఆట నడిపించే గేమ్ మాస్టర్) ఆ తలుపుని లోపలి నుంచి తెరిపించాలి.