మేడ మీద సోలార్, ఇంట్లో మాట పట్టింపు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా వారు ప్రభుత్వ ఉపాధ్యాయులు. మామగారు కాలం చేసి మూడేళ్లయింది. ఇల్లు, కరెంటు మీటరు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉన్నాయి. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్న మరిదికి పెళ్లి కుదరడంతో పైన రెండు గదులు వేస్తున్నాం. ఎలాగూ పని జరుగుతోంది కదా అని 3 కిలోవాట్ల సోలార్, సోలార్ వాటర్ హీటర్ కూడా పెట్టించి ఖర్చు చెరిసగం పెట్టుకుందామన్నాను. ‘మేడంతా మీరే పట్టేసుకునేటట్టున్నారు వదినా’ అన్నాడు మరిది. నీళ్ల ట్యాంకు నైరుతి నుంచి కదపొద్దని, వడియాలు ఎక్కడ ఎండబెట్టాలని అత్తమ్మ అంటున్నారు. మా వారు నోరు విప్పరు. దేవరకొండలో ఉన్న ఆడబిడ్డకు ఈ సంగతులేవీ తెలియవు. నేను అడిగింది తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. గదులు పూర్తయ్యాక గోడలు చెక్కి పైపులు వేయడం కంటే ఇప్పుడే ఆలోచించడం ఎంతో మేలు. అయితే మీ మరిది మాటను అసూయ కింద కొట్టిపారేయకండి. ఒకసారి బిగించిన ప్యానెళ్లు పాతికేళ్లు ఆ స్లాబు మీదే ఉంటాయి, రేపు అతను ఇంకో అంతస్తు వేయాలనుకుంటే అవి అడ్డం వస్తాయి. పైగా ఆ ఇల్లు ఇంకా పంపకం కాలేదు. అది మామగారి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి, ఆయన తల్లిగారు కూడా అప్పటికే లేకుంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అత్తమ్మకు, ఇద్దరు కొడుకులకు, ఆడబిడ్డకు సమానంగా తలా నాలుగో వంతు వస్తుంది. ఆమె చెవిన వేయకుండా పైన గదులు కట్టడమే నాకు సోలార్ కంటే పెద్ద చిక్కుగా కనిపిస్తోంది. స్లాబు పడకముందే మీ వారు ఆమెకు ఫోన్ చేసి చెప్పాలి.

కేంద్ర ప్రభుత్వ పిఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడో దానికి 18,000, మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. దరఖాస్తు కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారే చేయాలి, సబ్సిడీ వారి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. చనిపోయిన మామగారి పేరుతో అది సాధ్యం కాదు కనుక, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి పత్రం తీసుకుని కనెక్షన్‌ను మీ అత్తమ్మ పేరుకు మార్పించుకోండి. మీ వారి పేరుకు మార్చాలని తొందరపడకండి, మరిది అనుమానం అక్కడే బలపడుతుంది. కరెంటు బిల్లు మీద పేరు మారినంత మాత్రాన ఇంటి హక్కు మారదని కూడా అతనికి నిదానంగా చెప్పండి.

ఇక చెరిసగం ఖర్చు సంగతి. సోలార్ కరెంటు ఏ మీటరుకు కలిపితే ఆ మీటరు బిల్లే తగ్గుతుంది. పెళ్లయ్యాక పై గదులకు వేరే మీటరు పెట్టుకుంటే, కింది మీటరుకు కలిపిన సోలార్ వల్ల మరిదికి రూపాయి కూడా మిగలదు. అర్హత ఉండి అతనికి విడిగా తెల్ల రేషన్ కార్డు వస్తే రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం, 200 దాటిన నెల మాత్రం బిల్లంతా కట్టాలి. కొత్త జంటకు అంత వాడకం ఉండకపోవచ్చు. మీ వారు ప్రభుత్వోద్యోగి, మీకు ఆ పథకం వర్తించదు కనుక, నెలకు రమారమి 350 యూనిట్లు ఇచ్చే 3 కిలోవాట్లు మీకే ఎక్కువ లాభం. అందుకే సగం అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఖర్చు మీరే పెట్టుకోండి, లేదా రెండు వాటాలకూ ఒకే మీటరు ఉంచి, వాడకాన్ని బట్టి పంచుకోండి.

అత్తమ్మ చెప్పిన రెండింటికీ దారి ఉంది. ట్యాంకును నైరుతిలోనే ఉండనివ్వండి. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం దిగుబడి పడిపోతుంది కనుక, సాయంత్రం ట్యాంకు నీడ ఎంతవరకు సాగుతుందో ఒకరోజు మేడ మీద నిలబడి చూసి, అక్కడి నుంచి ఆగ్నేయం వైపు జరిపి, ప్యానెళ్లను దక్షిణ ముఖంగా పెట్టించండి. మూడు కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగులు పడుతుంది. ఏడెనిమిది అడుగుల ఎత్తు ఫ్రేము మీద బిగిస్తే ఖర్చు పెరుగుతుంది గానీ కింద తిరగడానికి చోటు మిగులుతుంది. ఏప్రిల్, మే గాలిదుమారాలకు తట్టుకునేలా ఆ ఫ్రేము గట్టిగా ఉండాలి. వడియాలు పెట్టేది ఎండాకాలంలోనే, అప్పుడు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ప్యానెళ్ల నీడ వాటి కిందే పడుతుంది. ఉత్తరం వైపు ఖాళీ ఆమెకు ధారాళంగా సరిపోతుంది.

మీ ఊళ్లో రైస్ మిల్లుల బూడిద ప్యానెళ్ల మీద పేరుకుంటుంది, తరచూ కడగక తప్పదు. చవుడు బోరు నీళ్లతో కడిగి ఆరనిస్తే అద్దం మీద తెల్లటి మరకలు కడతాయి, వెంటనే వైపరుతో తుడిచేయాలి. వాటర్ హీటరుకు కూడా అవే నీళ్లయితే లోపల సున్నం పేరుకుపోతుంది కనుక దానికి మంచినీటి కనెక్షన్ ఇప్పించండి.

మరిది ఇప్పుడే ఒప్పుకోకపోతే ప్యానెళ్లు వాయిదా వేయండి, స్లాబుతో పాటు చేయాల్సిన ఏర్పాట్లను మాత్రం వాయిదా వేయకండి. ఫ్రేము కాళ్లు నిలబెట్టే దిమ్మెలు స్లాబుతో కలిపి పోయించండి, తర్వాత డ్రిల్లు వేస్తే వాననీళ్లు కారతాయి. మేడ నుంచి మీటరు బోర్డు దాకా ఖాళీ పైపు, బాత్‌రూమ్‌లో టైల్స్ వేయకముందే వేడినీళ్ల లైను, ఎర్తింగుకు పెరట్లో చోటు సిద్ధం చేయించండి. వీటికయ్యే ఖర్చు తక్కువే. కేంద్ర పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకే కనుక ఆలస్యం మరీ ఎక్కువ కాకుండా చూసుకోండి.

ఈ మాటలు మీరు మాట్లాడితే ‘వదిన ప్లాను’ అవుతాయి. మీ వారు మాట్లాడితే అన్నదమ్ముల ముచ్చట అవుతుంది. ఆయనను నలుగురిలో నిలదీయకుండా ఒంటరిగా కూర్చోబెట్టి, ప్యానెళ్ల ఖర్చు ఎవరు పెట్టారో, పై అంతస్తు వేసే రోజు వస్తే వాటిని విప్పి మళ్లీ బిగించే ఖర్చు ఎవరిదో, మేడ అందరిదీ అన్న సంగతీ ఒక కాగితం మీద రాయించమనండి. అత్తమ్మ, అన్నదమ్ములు, ఆడబిడ్డ నలుగురూ దాని మీద సంతకం పెట్టాకే సోలార్ వాళ్లకు అడ్వాన్సు ఇవ్వండి.