అమ్మ వేషం ఒప్పుకునే ముందు

బిడ్డా,

సీరియల్లో తల్లి వేషం వచ్చిందట, ఇప్పుడే అమ్మను చేస్తే ఇక అక్క, వదిన పాత్రలు కూడా రావేమోనని టెన్షన్ పడుతున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఒప్పుకో. వదిన పాత్రలు నాలుగేళ్లు వస్తాయి, అమ్మ పాత్రలు ఓపిక ఉన్నన్నాళ్లూ వస్తాయి. సూర్యకాంతం పుట్టింది 1924లో, 'గుండమ్మ కథ' వచ్చింది 1962లో. అప్పటికి ఆమెకు నలభై కూడా నిండలేదు! నిర్మలమ్మ బందరు మనిషి, నాటకాల్లో రాటుదేలి 1943లో 'గరుడ గర్వభంగం'తో సినిమాకొచ్చింది. జనం గుండెల్లో పెట్టుకున్నది మాత్రం బామ్మగానే. 'మయూరి'కి నంది వచ్చింది, 1999 నాటి 'సీతారామరాజు'కు మళ్లీ వచ్చింది. తొలి సినిమాకూ దానికీ మధ్య యాభై ఏళ్ల పైమాటే.

కథ జగిత్యాల వైపుదనీ, తల్లి బీడీలు చుడుతుందనీ చెప్పింది మీ అమ్మ. అయితే డైలాగ్ పేపర్ పక్కన పెట్టి, ముందు చేతులకు పని నేర్పు. మెట్‌పల్లి దిక్కు మన చుట్టాలింట్లో నాలుగు రోజులుండి రా. తడిపిన తునికాకును కత్తెరతో కొలతకు కోయడం, తంబాకు పోసి చుట్టడం, కొస మడిచి దారం కట్టడం, ఇవన్నీ ఒళ్లో చేట పెట్టుకుని చేస్తారు. చుట్టే మనిషి చేతుల వైపు చూడదు. కోడలిని తిడుతుంది, టీవీ చూస్తుంది, మనవడిని పిలుస్తుంది, వేళ్లు మాత్రం ఆగవు. కెమెరా ముందు నువ్వు ఆకు వైపు చూశావో, అయిపోయింది. కొడుకు అప్పు సంగతి చెప్పే సీన్లో ఏడుపు వెతుక్కోకు. చుట్టుడు ఒక్క క్షణం ఆపు, మళ్లీ మొదలుపెట్టు. అంతే చాలు.

గొంతు తగ్గించు. హన్మకొండలో స్టేజీ మీద మేము ఆఖరి వరసదాకా వినబడేలా అరిచేవాళ్లం. ఇక్కడ మైకు నీ జాకెట్‌కే ఉంటుంది. యాస కావాలని దట్టించకు. 'బలగం' తర్వాత మన మాటకు గిరాకీ పెరిగింది నిజమే, దాంతో ప్రతి మాటకూ 'గిట్ల, గట్ల' అతికించే రచయితలూ పెరిగారు. నోట్లో నలగని మాట ఉంటే డైరెక్టర్‌కు షాట్‌కు ముందే, మెల్లగా, ఒంటరిగా చెప్పు. అందరి ముందు చెబితే ఒప్పుకోడు.

డబ్బింగ్ నీతోనే చెప్పిస్తారా లేదా అనేది ఇప్పుడే అడుగు. వేరే గొంతు పెడితే నీ కష్టం సగం గాలికి పోతుంది. పేమెంట్ రోజుకింతా, నెలకింతా, బండి వాళ్లదేనా అన్నవి వాట్సాప్‌లో రాయించుకో. నాకు ఒకాయన ఇస్తానన్నవి ఇంకా రావాలి, పోనీలే.

జుట్టుకు తెల్లరంగు దట్టంగా కొడితే వద్దను, చెవుల పక్కన చాలు. ఇంట్లో కట్టే రెండు నేతచీరలు పంపుతున్నా. ఇస్త్రీ చేయించకు.

నీ పెద్దమ్మ
హన్మకొండ