జంటస్వరాల దగ్గరే ఆగిపోయానండీ!

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. చిన్నప్పటి కోరిక కొద్దీ ఏడాది నుంచి ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నా. మొదటి పాఠాలైన సరళీవరుసలు బాగానే అయ్యాయి కానీ, ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పాడే జంటస్వరాల్లో రెండో కాలం (రెట్టింపు వేగం) దగ్గర ఆగిపోయా. ఆఫీసు, పిల్లలతో వారమంతా కుదరదు, ఆదివారం రెండు గంటలు కూర్చుంటా, మళ్ళీ ఆదివారానికి మొదటికొస్తుంది. వయసు వల్లేనా మేడమ్? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: వయసు సంగతి పక్కన పెట్టేయండమ్మా, ఇబ్బందంతా మధ్యలో ఆ ఆరు రోజుల గ్యాప్‌తోనే. అదే రెండు గంటల్ని రోజుకి పావుగంటో ఇరవై నిమిషాలో చొప్పున పంచేయండి. ఎబ్బింగ్‌హాస్ అని జర్మనీ ఆయన అర్థంలేని అక్షరాల వరుసలు తనే బట్టీపట్టి చూసుకుని 1885లో పుస్తకం రాశారు, ఒకేరోజు 68 సార్లు వల్లెవేస్తే వచ్చేది మూడు రోజుల మీద పంచుకుంటే 38 సార్లకే వచ్చిందట. మనకైతే గొంతు కూడా ఉంది కదా, ఏకబిగిన పాడితే చివరి అరగంట అలిసిన గొంతుతో తప్పునే గట్టిగా నేర్చుకుంటాం.

ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేస్తారన్నది ఇంకా ముఖ్యం. చాలామంది సస రిరి నుంచి మొదలెట్టి పాడుకుంటూ పోయి, తప్పు రాగానే మళ్ళీ సస రిరి అంటారు, దాంతో వచ్చిన ముక్కే ఇంకా బాగా వస్తుంది, రానిది అలాగే ఉండిపోతుంది. జంటలో రెండో స్వరం నొక్కి పలకాలి, రెండో కాలంలో ఒక్కో అక్షరకాలానికి (తాళంలో ఒక లెక్కకి) రెండేసి స్వరాలు పడేసరికి ఆ నొక్కు పోయి సా రీ గా అని దీర్ఘాల్లా సాగిపోతాయి. మీకు ఎక్కడ జారుతోందో ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. నాకు తెలిసి దద నిని సస దగ్గరే అయ్యుంటుంది, ఈ పాఠాలు పాడే మాయామాళవగౌళ రాగంలో కాకలి నిషాదం (అందులోని ‘ని’) పై షడ్జానికి (పై ‘స’కి) బాగా దగ్గర, తొందరలో రెండూ కలిసిపోతాయి.

అదే అయితే ఆ ఆరు స్వరాలే పట్టుకోండి. శ్రుతి పెట్టుకుని, చేత్తో తాళం వేస్తూ మొదటి కాలంలో తీరిగ్గా పాడి, నిషాదం నిలబడ్డాకే వేగం పెంచండి, అది కుదిరాక ముందు పప, తర్వాత మమ కలుపుకుంటూ వెనక నుంచి మొదటికి రండి. పుస్తకం మూసేసి పాడాలి సుమా! గుర్తు రాకపోతే కాసేపు తంటాలు పడి అప్పుడు చూడండి, అలా వెతుక్కున్నదే మనసులో ఉంటుంది. మధ్యమధ్యలో పాత సరళి ఒకటి పాడుతుండండి, లేకపోతే అవీ పోతాయి.

ఇంకోటి, ఆన్‌లైన్ క్లాసులో గొంతు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువుగారితో కలిసి పాడటం కుదరదు, తాళం తప్పినా ఆవిడకి సరిగా తెలియదు. అందుకే తాళంతో సహా రికార్డు చేసి క్లాసుకి ముందే పంపండి. మూడో కాలం ఊసు ఇప్పుడే ఎత్తకండి.