ఏడబ్ల్యూఎస్ పరీక్షలో 690 వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ వాళ్ల సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ సర్టిఫికేషన్ పరీక్ష ఫెయిలయ్యాక మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదన్నారు. పాస్ కావడానికి 1000కి 720 కావాలి, మీరు దగ్గరదాకా వచ్చారు. మొత్తం కోర్సు మొదటి నుంచీ చూడాల్సిన పని లేదు.

మళ్లీ రాయడానికి ఎలాగూ 14 రోజులు ఆగాలి. బాధగా ఉంటే మొదటి ఒకటి రెండు రోజులు చదువు జోలికి వెళ్లకండి. అయితే ఏ అంశాల దగ్గర తడబడ్డారో మాత్రం ఈరోజే రాసిపెట్టుకోండి, వారం తిరిగేసరికి గుర్తుండవు.

తర్వాత స్కోరు రిపోర్టు తీయండి. విభాగాలవారీగా ఎక్కడ బలహీనంగా ఉన్నారో అందులో ఉంటుంది. సెక్యూరిటీ విభాగానికి 30 శాతం, రెసిలియంట్ ఆర్కిటెక్చర్లకు (ఏదైనా భాగం పాడైనా ఆగకుండా నడిచే డిజైన్లకు) 26 శాతం వెయిటేజీ. ఈ రెండింటిలో తగ్గితే ముందు వాటినే పట్టుకోండి. విభాగాలవారీగా పాస్ కానక్కర్లేదు, మొత్తం స్కోరే లెక్క.

నా ఉద్దేశంలో చాలామంది దెబ్బతినేది ప్రాక్టీస్ టెస్టుల దగ్గరే. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ చేస్తే జవాబులు కంఠతా వస్తాయి, స్కోరు 90 శాతం దాటుతుంది, విషయం మాత్రం అర్థం కాదు. ప్రతి ప్రశ్నకూ మిగతా ఆప్షన్లు ఎందుకు తప్పో మీ మాటల్లో చెప్పగలగాలి. అక్కడ ఆగిపోతే ఏడబ్ల్యూఎస్ కన్సోల్ (సర్వీసులను నడిపే వెబ్ పేజీ) తెరిచి ఆ సర్వీసును స్వయంగా సెటప్ చేసి చూడండి. వీపీసీ (క్లౌడ్‌లో మీ సొంత ప్రైవేటు నెట్‌వర్క్), ఐఏఎమ్ (ఎవరికి ఏ అనుమతులో నిర్ణయించే సర్వీసు) చదివితే రావు, చేస్తేనే వస్తాయి. పని అయ్యాక డిలీట్ చేయండి, లేకపోతే బిల్లు వస్తుంది.

తేదీ వెంటనే బుక్ చేయకండి. ఇంతవరకూ చూడని టెస్టులో వరుసగా 80 శాతం దాటాక ఫీజు కట్టండి. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఈసారి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి.