డక్స్‌ఫర్డ్‌లో స్పిట్‌ఫైర్ చూసిన మా బుజ్జికి

అల్వాల్, సికింద్రాబాద్

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంగ్లండ్ నుంచి నువ్వు పంపిన వీడియో మీ పెద్దమ్మ ఫోన్లో నాలుగుసార్లు చూశాను. రెండో ప్రపంచయుద్ధం నాటి ఆ స్పిట్‌ఫైర్ ఫైటర్ విమానం నేల వదులుతుంటే వెనక నీ గొంతు, "పెదనాన్నా, ఈ సౌండ్ విను" అని. దాని మెర్లిన్ ఇంజన్ చప్పుడుకి ఎవరైనా అలాగే పడిపోతారు. నేను ఎయిర్‌ఫోర్స్‌లో డకోటా రవాణా విమానాల పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి నా చెవికి వాటి రేడియల్ ఇంజనే, అంటే సిలిండర్లు గుండ్రంగా అమర్చిన ఇంజనే సంగీతం. అది వేరే సంగతి.

వీడియో కింద రెండు ప్రశ్నలు రాశావు. రెండు సీట్ల స్పిట్‌ఫైర్‌లో కాసేపు తిప్పి తీసుకొస్తారట, వేల పౌండ్లట, వెళ్లనా అని ఒకటి. స్నేహితులెవరో విడిభాగాల కిట్ తెప్పించి స్పిట్‌ఫైర్ రెప్లికా, అంటే అసలుదానిలాంటి కొత్త విమానం కడుతున్నారు, అందులో వాటా తీసుకోనా అని ఇంకోటి. రెండూ ఇప్పుడే వద్దు. మీ నాన్నలాగా డబ్బు దండగ అనడం లేదు. వరస తప్పు అంటున్నాను.

ముందు ఒక ఏడాది పాటు శనివారాలు హ్యాంగర్‌కి ఇవ్వు. కేంబ్రిడ్జి నుంచి ఓల్డ్ వార్డెన్ ఎంతో దూరం కాదు. అక్కడ పాత విమానాలు దాచే షటిల్‌వర్త్ వాళ్ల దగ్గర 1909 నాటి బ్లెరియో విమానం ఇంకా నేల మీంచి లేస్తుంది. వలంటీర్లని తీసుకుంటారు, వెళ్లి అడుగు. మొదట్లో చీపురే ఇస్తారు. చిన్నబుచ్చుకోకు. తర్వాత గుడ్డముక్క ఇచ్చి నూనె తుడవమంటారు. అసలు చదువు అక్కడ మొదలవుతుంది. తుడిచే చెయ్యే పగులుని పట్టుకుంటుంది. రివెట్ చుట్టూ కాటుక పూసినట్టు నల్లటి గీత కనిపిస్తే ఆ రివెట్ వదులైందని అర్థం. దూరం నుంచి ఫోటో తీసేవాళ్లకి అది ఎప్పటికీ కనపడదు.

డకోటా రెక్కలు లోహమే కానీ తోక దగ్గర కదిలే భాగాలకి గుడ్డే. గోతాలు కుట్టే దబ్బనం లాంటి పొడుగు సూదితో, మైనం పట్టించిన దారంతో కుట్టేవాళ్లం. పైన డోప్ అనే వార్నిష్ లాంటిది పూస్తే అరటిపండు మగ్గిన వాసన. ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకొని వేలితో కొడితే డప్పులా మోగేది. మోగకపోతే మళ్లీ మొదటికే. టైగర్ మాత్ అనే పాత శిక్షణ విమానానికయితే ఒళ్లంతా ఇదే పని. ఎవరైనా నేర్పుతానంటే వదులుకోకు.

నా సంగతి ఒకటి చెబుతాను. 1971 చలికాలం, నాకు ఇరవై దాటి ఎన్నాళ్లో కాలేదు. డకోటా ఇంజన్లో 14 సిలిండర్లు, బండి చక్రం ఆకుల్లా చుట్టూ ఉంటాయి. రాత్రంతా ఆగి ఉంటే నూనె జారి అడుగు సిలిండర్లలో చేరుతుంది. గాలిని నొక్కితే నలుగుతుంది, నూనె నలగదు. అది చూసుకోకుండా స్టార్ట్ చేస్తే లోపలి రాడ్ వంగిపోతుంది. అందుకే ముందు స్విచ్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసుకొని, ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పుతూ బ్లేడ్లు లెక్కపెట్టాలి. ఆ పొద్దున మూడో బ్లేడ్ దగ్గర ఆగిపోయింది. గట్టిగా తోశాను. కదల్లేదు. అందరూ చూస్తున్నారు, సిగ్గేసింది. కాస్త వెనక్కి తిప్పితే వదులవుతుందనుకొని చెయ్యి మార్చాను. మా మలయాళీ సార్జెంట్ పరుగున వచ్చి మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. వెనక్కి తిప్పితే ఆ నూనె ఇన్‌టేక్ పైపులోకి, అంటే ఇంజన్‌కి గాలి వచ్చే దారిలోకి పోతుంది. అప్పటికి అంతా బాగున్నట్టే ఉంటుంది, స్టార్ట్ అయ్యాక మళ్లీ సిలిండర్‌లోకి లాక్కుంటుంది. అడుగు ప్లగ్గులు విప్పించాడు. గిద్దెడు నూనె ట్రేలోకి కారింది. ఫ్లైట్ గంట లేటు. ఎవరి మీదా కేకలేయలేదు. "బిగుసుకుందని చెప్పడానికి నోరు లేదా?" అన్నాడు, అంతే.

ఆ నోరు నీకు వచ్చాక వాటా గురించి మాట్లాడదాం.

రెప్లికా అంటే నకిలీ అని నీ రూమ్మేట్ ఎగతాళి చేస్తోందన్నావు కదా. మొదటి ప్రపంచయుద్ధంలో రెడ్ బారన్ అనే జర్మన్ పైలట్ నడిపిన మూడు రెక్కల ఫోకర్ విమానం అసలుది ఒక్కటి కూడా ఇప్పుడు పూర్తిగా మిగల్లేదు. ఎగిరేవన్నీ రెప్లికాలే. మన ఎయిర్‌ఫోర్స్‌లో పాత విమానాల దళం, వింటేజ్ ఫ్లైట్‌లో ఉన్న డకోటా తోక మీద వీపీ 905 అని రాసి ఉంటుంది. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో సైన్యాన్ని దించిన డకోటా నంబరది. ఈ విమానం అది కాదు, 1944లో తయారైన వేరే డకోటా. ఇంగ్లండ్‌లో బాగుచేయించి తెస్తే 2018లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరింది. ఆ నంబరు టీవీలో చూసి నేను లేచి నిలబడ్డాను, ఇది ఆ విమానం కాదని తెలిసే. ఏది పాతది, ఏది కొత్తది అన్నది దాచకుండా చెబితే అందులో మోసం లేదు. నంబరు చెక్కిన పాత రేకు, డేటా ప్లేట్ ఒక్కటి పట్టుకొని మిగతాదంతా కొత్తగా కట్టి అసలుదని అమ్మేవాళ్లతోనే నాకు పేచీ.

ఇక ఆ కిట్. అసలు స్పిట్‌ఫైర్‌కి 80, 90 శాతం సైజులో వచ్చే ఆస్ట్రేలియా డిజైనే అయ్యుంటుంది. డబ్బు ఇచ్చే ముందు ఆ గ్యారేజీకి వెళ్లి దుమ్ము చూడు. పెట్టెల మీద వేలి మందం దుమ్ముంటే పని ఆగిపోయి చాలాకాలమైనట్టే. కట్టడానికి వేల గంటలు పడుతుంది, సగంలో ఆపేసినవాళ్లే ఎక్కువ. పని సరిచూసే ఇన్‌స్పెక్టర్ సంతకాలు వాళ్ల రికార్డు పుస్తకంలో ఏ పేజీ దాకా ఉన్నాయో అడుగు. పూర్తయినా నీకు వెంటనే నడపడం రాదు. తోక కింద చిన్న చక్రం ఉన్న విమానం, ముక్కు పైకెత్తి ఉంటుంది, పొడుగు కూడా, చక్రాల మధ్య ఎడం తక్కువ. నేల మీద ఎదురుగా ఏముందో కనపడదు, పాములా మెలికలు తిరుగుతూ పోవాలి. తోకచక్రం నేర్పే చిన్న విమానంలో నువ్వు బాగా చెమటలు పట్టాక చూద్దాం.

సరదాగా ఎక్కాలంటే టైగర్ మాత్ ఎక్కు. స్పిట్‌ఫైర్ ఖర్చులో చిన్న ముక్కతో అయిపోతుంది. ఎదురుగాలి ముఖాన కొడుతుంది, అదీ మజా. స్పిట్‌ఫైర్ తప్పదనుకుంటే, ఎక్కే ముందు ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు. ప్రయాణికుల విమానాలకున్న భద్రతా ప్రమాణాలు దీనికి లేవని నీకు తెలుసు, ఒప్పుకున్నావు అని దాని అర్థం. టెన్షన్ పడకు, కానీ చదవకుండా సంతకం పెట్టకు.

ఎయిర్‌షో పిచ్చి నాకూ ఉంది. 2010 మార్చి 3న బేగంపేట షోలో నేవీ వాళ్ల కిరణ్ శిక్షణ జెట్ ఒకటి న్యూ బోయిన్‌పల్లిలో ఇళ్ల మీద పడింది. ఇద్దరు పైలట్లూ పోయారు. కిరణ్ మీద ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. ఆ పొగ మా డాబా మీంచి కనిపించింది. చాలారోజులు ఆకాశం వైపు చూడబుద్ధి కాలేదు. 2015లో మీ ఇంగ్లండ్‌లోనే షోరమ్ అనే ఊళ్లో ఎయిర్‌షోలో హంటర్ అనే పాత జెట్ పడి 11 మంది పోయారు, షో మైదానంలో కాదు, పక్క రోడ్డు మీద. పల్టీ పైభాగంలో కనీసం 3,500 అడుగులు ఉండాల్సింది, 2,700 దగ్గరే ఉంది. అయినా పైలట్ ఆపకుండా కిందికి తిప్పాడు. అందుకే ఓల్డ్ వార్డెన్‌లో సాయంత్రం గాలి తగ్గక ఆ పాతకాలపు విమానాలు బయటికి తేవడం లేదని మైకులో చెబితే విసుక్కోకు. నీ టికెట్ డబ్బు ఆ మాట కోసమే ఇచ్చావనుకో.

ఒక పని చేసిపెట్టు. లండన్‌లో హెండన్ దగ్గర ఆర్‌ఏఎఫ్ (బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్) మ్యూజియంలో డీహెచ్ 9ఏ అనే బాంబర్ ఉంది. 1918లో నిజాం డబ్బుతో వాళ్ల 110 స్క్వాడ్రన్ అనే దళానికి ఇచ్చిన విమానాల్లో అదొకటి, దాని ఒంటి మీద హైదరాబాద్ పేరుంటుంది. జర్మన్లకి చిక్కి, బెర్లిన్ మ్యూజియం చూసి, పోలండ్ చేరి, 1977లో మళ్లీ ఇంగ్లండ్ వచ్చింది. దానికి బదులుగా ఇంగ్లండ్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చారు. చూశావా మన విమానం ఖరీదు! నల్లగొండలో మన ముత్తాత కట్టిన శిస్తులో ఓ దమ్మిడీ అందులో ఉండే ఉంటుంది. ఆ అక్షరాలు దగ్గర్నుంచి ఫోటో తీసి పంపు.

హ్యాంగర్‌కి వెళ్లే రోజు జేబులకి జిప్పులున్న ఓవరాల్స్ వేసుకో. ఫోన్, తాళాలు, చిల్లర బయటే పెట్టు. గాజులు, ఉంగరం ఇంట్లోనే తీసేసి వెళ్లు, మీ అమ్మ ఏమన్నా సరే. నా ఎడమచేతి వేలు ఎందుకు వంకరపోయిందని చిన్నప్పుడు అడిగేదానివి, యుద్ధంలో తగిలిందని చెప్పేవాణ్ణి. యుద్ధం కాదు, పాడూ కాదు. డకోటా పక్కన స్టాండ్ మీంచి దూకాను, పెళ్లి ఉంగరం ఇంజన్ మూత క్లిప్పుకి పట్టుకుంది.

నీ పెదనాన్న